పాత షాపులు కూలితే కొత్త తాళాలు ఎవరి చేతికి?

పట్టణం నడిబొడ్డున మున్సిపాలిటీ ఎప్పుడో కట్టిన షాపుల వరస. పైకప్పు పెచ్చులు ఊడుతుంటాయి. చువ్వలు బయటపడి తుప్పు పడుతుంటాయి. వానొస్తే మెట్ల కింద నీళ్లు నిలుస్తాయి. కూల్చి కొత్త కాంప్లెక్సు కట్టాలన్న మాట మన రాష్ట్రంలో చాలా పట్టణాల్లో వినిపించేదే. ఆ మాట వచ్చినప్పుడల్లా చర్చ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది: ఎన్ని కోట్లు, ఎన్ని అంతస్తులు. మేం అడుగుతున్నది మూడో ప్రశ్న. కొత్త షాపుల తాళాలు ఎవరి చేతిలో పెడతారు?

ఈ ప్రశ్నను పలాస-కాశీబుగ్గ నుంచి చూస్తే దాని బరువు తెలుస్తుంది. ఇది జీడిపప్పు పట్టణం. హౌరా-చెన్నై రైలు మార్గం, జాతీయ రహదారి 16 రెండూ దీన్ని తాకుతూ పోతాయి. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి, కంచిలి మండలాల జనం బ్యాంకుకైనా, ఆస్పత్రికైనా, సరుకులకైనా వచ్చే పట్టణాల్లో ఇది ముఖ్యమైనది. 2022లో రెవెన్యూ డివిజన్ కేంద్రం కూడా అయింది. ఇలాంటి చోట బజారు మధ్యలో పది అడుగుల గది ఉన్న కుటుంబానికీ, అదే గది ముందు గోనెపట్టా పరిచి కూర్చున్న కుటుంబానికీ మధ్య తేడా ఒక తరంతో పోదు. టెక్కలి వైపు వెళ్లినా, పంచాయతీ కట్టిన షాపులైనా, మున్సిపాలిటీ కట్టిన షాపులైనా ప్రశ్న ఇదే.

ప్రజల సొమ్ముతో కట్టిన గదులు

చిన్న, మధ్యతరహా పట్టణాల సమీకృత అభివృద్ధి పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 1979-80లో మొదలుపెట్టింది. దేశంలో ఎన్నో చిన్న పట్టణాలు ఆ నిధులతో షాపింగ్ కాంప్లెక్సులు, మార్కెట్లు, బస్టాండ్లు కట్టుకున్నాయి. 2005లో ఆ పథకం మరో పథకంలో కలిసిపోయింది. సొంత నిధులతోనూ, అప్పు తెచ్చి కూడా మున్సిపాలిటీలు షాపులు కట్టాయి. ఉద్దేశం ఒక్కటే, పన్నులతో పాటు అద్దెల రూపంలో నిలకడైన ఆదాయం ఉండాలని. నేల ప్రజలది, సిమెంటు ప్రజలది, అప్పు తీర్చిందీ ప్రజల పన్నే.

ఆ షాపులను అద్దెకివ్వడానికి నిబంధనలున్నాయి. బహిరంగ వేలం వేయాలి. లీజును మూడేళ్లకోసారి పొడిగించాలి. పొడిగించిన ప్రతిసారీ అద్దెను మూడో వంతు పెంచాలి. మొత్తం మీద ఒకరి దగ్గర ఇరవై అయిదేళ్లకు మించి ఉండకూడదు, ఆ తర్వాత మళ్లీ వేలమే. ఈ లెక్కను కాగితం మీద ఒకసారి వేసి చూద్దాం. నెలకు 3,000 రూపాయలతో మొదలైన గది మూడేళ్లకు 4,000, ఆరేళ్లకు 5,333, తొమ్మిదేళ్లకు 7,111 అవుతుంది. ఇరవై నాలుగేళ్లు తిరిగేసరికి దాదాపు 30,000. అంటే పది రెట్లు.

ఈ పెంపు కచ్చితంగా అమలైతే చిన్న వ్యాపారి మధ్యలోనే గది ఖాళీ చేసి పోతాడు. అమలు కాకపోతే మున్సిపల్ అద్దెకూ బజారు అద్దెకూ మధ్య ఉన్న తేడా ఎవరి పేరున లీజు ఉందో వాళ్ల జేబులో పడుతుంది. అక్కడి నుంచే సబ్‌లీజు పుడుతుంది. లీజు పేరు ఒకరిది, గల్లా పెట్టె ముందు కూర్చునేది ఇంకొకరు. ఇదేమీ రహస్యం కాదు, ఏ పట్టణంలో అడిగినా చెబుతారు. గడువు తీరిన లీజులు, వసూలు కాని బకాయిలు మున్సిపల్ ఆడిట్లలో మళ్లీ మళ్లీ కనిపించే అభ్యంతరాలే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పాత భవనం కూలే వయసూ, పాత లీజులు తీరే వయసూ దాదాపు ఒకేసారి వస్తాయి. పునర్నిర్మాణం అంటే ఒక తరంలో ఒక్కసారి మాత్రమే తెరుచుకునే జాబితా. ఆ సమయంలో మన పేరు అందులో చేరకపోతే మళ్లీ ఇరవై అయిదేళ్లు ఆగాలి.

బజారులో నాలుగు వరసలు

ఏ మున్సిపల్ మార్కెట్‌నైనా దగ్గరగా చూస్తే నాలుగు వరసల మనుషులు కనిపిస్తారు. మొదటి వరస లీజుదారులు. వాళ్ల పేరు రిజిస్టర్లో ఉంటుంది. రెండో వరస సబ్‌లీజుకు తీసుకుని వ్యాపారం చేసేవాళ్లు. వాళ్ల చేతిలో రసీదు కూడా ఉండదు. మూడో వరస షాపుల ముందు, మెట్ల మీద, రోడ్డు వార కూర్చునే చిరు వ్యాపారులు. రోజూ ఆశీలు చెల్లిస్తూ కూడా 'ఆక్రమణదారులు' అనిపించుకునేది వీళ్లే. నాలుగో వరస హమాలీలు, మార్కెట్ ఊడ్చే పారిశుధ్య కార్మికులు, టీ గ్లాసులు మోసేవాళ్లు.

పునర్నిర్మాణ ప్రాజెక్టు నివేదిక తయారుచేసే కన్సల్టెంట్ లెక్కపెట్టేది మొదటి వరసనే. ఇన్ని షాపులు, ఇంత అద్దె, ఇన్ని బకాయిలు. మిగతా మూడు వరసలు ఆయన కొలతల్లో 'రద్దీ' అనే మాట కింద పోతాయి.

కులం ప్రకారం ఈ వరసలు ఎలా ఉంటాయో శ్రీకాకుళం జిల్లాలో పుట్టిపెరిగిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఉత్తరాంధ్ర పట్టణాల్లో పండ్లు, కూరగాయలు, ఆకుకూరలు అమ్మడం రెల్లి కులస్తులకు తరతరాల జీవనం. రోడ్లు ఊడ్చే పని కూడా వాళ్ల నెత్తినే పడింది. తెల్లవారుజామున వీధి ఊడ్చి, ఎండెక్కేసరికి అదే వీధిలో పండ్ల బుట్ట పెట్టుకునే కుటుంబాలున్నాయి. మాల, పైడి, దండాసి కుటుంబాల వాళ్లూ కూలికీ, చిల్లర వ్యాపారానికీ ఈ బజార్ల మీదే ఆధారపడతారు. వీళ్ల పక్కనే తీరం నుంచి చేపల తట్టలతో వచ్చే మత్స్యకార ఆడవాళ్లు, మందస కొండల నుంచి చీపుర్లు, చింతపండు తెచ్చే సవరలు కూర్చుంటారు. కులాలు వేరైనా వీళ్ల స్థానం ఒక్కటే, పైకప్పు బయట.

2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్స్ తెచ్చింది. రెల్లి సహా 12 కులాలు ఉన్న మొదటి గ్రూపుకు 1 శాతం, మాదిగ, ఉపకులాలున్న రెండో గ్రూపుకు 6.5 శాతం, మాల, ఉపకులాలున్న మూడో గ్రూపుకు 7.5 శాతం కేటాయించింది. వర్గీకరణ మీద మన మధ్య ఎన్ని వాదనలున్నా, అది ఉద్యోగాలకూ చదువులకూ సంబంధించినది. రెల్లి కుటుంబం తరతరాలుగా నిలబడిన చోటు బజారు. అక్కడ వాళ్లకు ఎంత వాటా ఉందో ఎవరూ లెక్క తీయలేదు. ఉద్యోగాల్లో ఒక శాతం గురించి ఇంత చర్చ జరిగిన రాష్ట్రంలో, మున్సిపల్ షాపుల్లో ఎన్ని గదులు ఏ కులం చేతిలో ఉన్నాయన్న చర్చ మొదలే కాలేదు.

మహద్ చెరువు కూడా మున్సిపాలిటీదే

'షాపుల వ్యవహారంలో కులం ఎందుకు తెస్తారు' అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు మహద్‌ను గుర్తుచేయాలి. చవదార్ చెరువు మహద్ మున్సిపాలిటీ ఆస్తి. ప్రభుత్వ నిధులతో నడిచే చెరువులు, బావులు, సత్రాలను అంటరానివారికి తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహద్ మున్సిపాలిటీ కూడా చెరువును తెరుస్తున్నట్టు తీర్మానం చేసింది. కాగితం మీద హక్కు వచ్చింది. చెరువులో దిగడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాలలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలాది మందితో వెళ్లి ఆ నీళ్లు తాగాక గానీ ఆ తీర్మానానికి ప్రాణం రాలేదు. ఆ వెంటనే దాడులు జరిగాయి. ఆ చెరువు తమ సొంతమని సవర్ణులు కోర్టుకెళ్లారు. అది మున్సిపాలిటీదేనని బొంబాయి హైకోర్టు తేల్చేసరికి 1937 వచ్చింది.

మహద్ ఇచ్చే పాఠం సూటిగా ఉంది. ప్రభుత్వ ఆస్తి అని రాసి ఉన్నంత మాత్రాన అది అందరిదీ కాదు. దాన్ని ఎవరు వాడుకుంటున్నారన్నదే అసలు యాజమాన్యం.

రాజ్యాంగం 15(2) అధికరణంలో బావులు, చెరువులు, రోడ్ల కంటే ముందు వచ్చే మాట 'దుకాణాలు'. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో దీనిపై ప్రశ్నలు వచ్చినప్పుడు, దుకాణం అనే మాటను విశాలమైన అర్థంలో వాడామని, డబ్బు తీసుకుని సేవ అందించే ప్రతి చోటూ అందులోకి వస్తుందని అంబేడ్కర్ వివరించారు. ఆనాటి పోరాటం కొనేవాడిగా దుకాణంలో అడుగుపెట్టే హక్కు కోసం. ఈనాడు అమ్మేవాడిగా గల్లా పెట్టె వెనక కూర్చునే హక్కు గురించి మాట్లాడాలి. దళితులు చేసే వృత్తిని, వ్యాపారాన్ని అడ్డుకోవడాన్ని 2015 సవరణ తర్వాత అట్రాసిటీ నిరోధక చట్టం స్పష్టంగా నేరంగా చేర్చింది. ఆర్థిక బహిష్కరణ కూడా అందులో ఉంది. దళితులు చేసే వ్యాపారానికి రక్షణ కావాలని పార్లమెంటే గుర్తించింది. మున్సిపాలిటీకి ఆ గుర్తింపు ఎందుకుండదు?

వేలం అనే గోడ

వేలం చూడ్డానికి న్యాయంగా కనిపిస్తుంది. ఎవరైనా పాడుకోవచ్చు, ఎక్కువ పాడినవాడికి షాపు. కానీ ఆ గదిలోకి అడుగుపెట్టాలంటే ముందు డిపాజిట్ కట్టాలి. గుడ్‌విల్ పేరుతో తిరిగిరాని సొమ్ము పాడాలి. కొన్ని నెలల అద్దె ముందే చెల్లించాలి. ఇవన్నీ కూడగట్టాలంటే తాకట్టుకు పొలమో ఇల్లో ఉండాలి. తరతరాలుగా ఆస్తి లేకుండా చేసిన కులాలకు ఆ తాకట్టు ఎక్కడి నుంచి వస్తుంది? కుల వ్యవస్థ గతంలో చేసిన దోపిడీని వేలం ప్రశ్నించదు. ఆ దోపిడీ ఫలితాన్నే అర్హతగా తీసుకుంటుంది.

మున్సిపల్ షాపుల వేలం నోటీసుల్లో ఎస్సీ, ఎస్టీ, వికలాంగులకు అని కొన్ని గదులు రాసి ఉండటం మనం చూస్తూనే ఉంటాం. అమలు ఎలా ఉంటుందో కార్యకర్తలకు తెలుసు. మెట్ల కింద గది, పై అంతస్తు మూల గది, మరుగుదొడ్ల పక్క గది రిజర్వుడు అవుతాయి. పాటకు ఎవరూ రాలేదని రాసుకుని జనరల్‌కు మార్చే ప్రయత్నాలు జరుగుతాయి. లేదంటే ఒక దళితుడి పేరున గది పాడి, అతనికి నెలకు కొంత ఇచ్చి, వెనక వేరొకరు వ్యాపారం నడుపుతారు. ఈ బినామీ పద్ధతిలో రిజర్వేషన్ లెక్క సరిపోతుంది, దళితుడి జీవితం మాత్రం మారదు.

వేలం తప్ప దారి లేదనే మాట నిజం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2021లో మద్యం దుకాణాల్లో గౌడ కులస్తులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం కేటాయించి, లాటరీ తీసి ఇచ్చింది. మద్యం మన బస్తీలను ఏం చేసిందో మనకు తెలుసు, అది వేరే చర్చ. కానీ ఖజానాకు అత్యధికంగా సొమ్ము తెచ్చే వ్యాపారంలోనే శాతాలు నిర్ణయించి లాటరీ తీయగలిగినప్పుడు, కూరగాయల షాపుకు తీయలేమనడం కుదరదు.

పీపీపీ వస్తే రిజర్వేషన్ ఏమవుతుంది?

కొత్త భవనానికి మున్సిపాలిటీ దగ్గర డబ్బు లేదంటారు. ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం అంటారు. స్థలం మున్సిపాలిటీది, కట్టేది ప్రైవేటు సంస్థ. ముప్పై ఏళ్లో అంతకన్నా ఎక్కువో అద్దెలు వసూలు చేసుకునేది ఆ సంస్థే. మున్సిపాలిటీకి ఏటా కొంత వాటా వస్తుంది.

ఇందులో దళితులకు సంబంధించిన కీలకమైన చిక్కుంది. షాపులు మున్సిపాలిటీ ఇస్తే కేటాయింపు నిబంధనలు వర్తిస్తాయి, సమాచార హక్కు వర్తిస్తుంది, కౌన్సిల్‌లో మన సభ్యులు ప్రశ్నించగలరు. అవే షాపులు ప్రైవేటు సంస్థ ఇస్తే అది రెండు ప్రైవేటు పార్టీల మధ్య ఒప్పందం అంటారు. ప్రభుత్వ రంగ సంస్థలను అమ్మినప్పుడు ఉద్యోగాల రిజర్వేషన్ ఎలా ఆవిరైందో, పీపీపీ కాంప్లెక్సులో షాపుల కేటాయింపు అలాగే ఆవిరవుతుంది. అందుకే వాటా ఎంత, ఏ అంతస్తులో, ఏ అద్దెకు అన్న విషయాలు టెండర్ షరతుల్లోనే రాయించాలి. ఒప్పందం మీద సంతకాలు అయ్యాక అడిగితే వినేవాడుండడు.

అంతస్తు గురించి ఎందుకింత పట్టుదల అంటే, చిల్లర వ్యాపారానికి ప్రాణం నేల మీదే ఉంటుంది. చేపలు కొనడానికి, అరటిపళ్లు కొనడానికి రెండో అంతస్తు ఎక్కేవాళ్లు ఉండరు. కింది అంతస్తు బంగారం షాపుకూ బట్టల షాపుకూ ఇచ్చి, వీధి వ్యాపారులను మేడ మీదికి పంపితే, ఆరు నెలల్లో వాళ్లు మళ్లీ రోడ్డు మీదికే వస్తారు. అప్పుడు 'షాపులు ఇచ్చినా ఉండరు, వాళ్లకు రోడ్డే ఇష్టం' అనే మాట పుడుతుంది.

మిగతా చోట్ల ఏం జరిగింది?

హైదరాబాద్ కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను 2021లో శివారు బాటసింగారానికి తరలించారు. 2022 మార్చిలో పాత మార్కెట్‌ను కూల్చేశారు. ఆ స్థలాన్ని ఆస్పత్రికి కేటాయించారు. ఆస్పత్రి అవసరమే. కానీ తరలింపు మీద హైకోర్టు దాకా వెళ్లి వాదించగలిగింది లైసెన్సులున్న కమీషన్ ఏజెంట్లు. పండ్ల పెట్టెలు మోసిన హమాలీ, మిగిలిన పండ్లు ఏరుకుని తోపుడు బండి మీద అమ్మిన ఆడమనిషి ఏ కాగితం పట్టుకుని కోర్టుకు వెళతారు? లైసెన్సు లేనివాళ్లకు నష్టం జరిగినట్టు రుజువు కూడా ఉండదు.

అదే నగరంలో మొజంజాహి మార్కెట్ 1935 నాటిది. దాన్ని కూల్చలేదు, మరమ్మతు చేసి 2020లో మళ్లీ తెరిచారు. రాతి కట్టడానికీ సిమెంటు కట్టడానికీ తేడా ఉంది, నిజమే. ఉప్పుగాలి తగిలే మన తీరంలో సిమెంటు లోపలి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కానీ ఏ భవనాన్ని బాగుచేయవచ్చు, దేన్ని కూల్చక తప్పదు అన్నది ఇంజినీర్లు పరీక్షించి చెప్పాలి, ఆ నివేదిక అందరికీ కనిపించాలి. పాతది కాబట్టి కూల్చాలి అనేది కారణం కాదు.

మనకు ఇంకా దగ్గరి కథ దూరంలో ఉంది. 1860 నుంచి 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా భారతీయులు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు గంజాం, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. అప్పట్లో టెక్కలి, మందస ప్రాంతాలు గంజాం జిల్లాలోవే. కూలీ గడువు తీరాక వాళ్లలో చాలామంది కూరగాయలు పండించి డర్బన్ వీధుల్లో అమ్ముకున్నారు. 1910లో డర్బన్‌లో మొదలైన ఎర్లీ మార్నింగ్ మార్కెట్ ఆ రైతులతో నిలబడింది. 2010 ప్రపంచ కప్ ఫుట్‌బాల్‌కు ముందు, 2009లో, ఆ మార్కెట్ స్థలంలో మాల్ కట్టాలని నగరపాలక సంస్థ ప్రతిపాదించింది. భారతీయ, ఆఫ్రికన్ వ్యాపారులు, బళ్లు తోసే కూలీలు కలిసి ఎదిరించారు, న్యాయవాదులు తోడు నిలిచారు. మాల్ రాలేదు, మార్కెట్ ఉంది. అక్కడ గెలిచింది లీజుదారులు ఒక్కళ్లే కాదు. నాలుగు వరసలూ ఒక్క తాటి మీద నిలబడ్డాయి.

ఉద్దానానికి బజారు ఎందుకు అంత ముఖ్యం

ఉద్దానంలో దళిత కుటుంబానికి ఉన్న దారులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. నష్టపరిహారం చెట్టు ఉన్నవాడికి లెక్కగట్టారు. ఆ చెట్టు కింద కూలి చేసినవాడికి చెట్టు మళ్లీ కాపుకొచ్చే దాకా పని లేదు. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ వలసే.

కిడ్నీ జబ్బు సంగతి దేశమంతా తెలుసు. 2023 డిసెంబర్ 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి, 700 కోట్ల తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. ఇవి ప్రజలు ఏళ్ల తరబడి అడిగి సాధించుకున్నవి. అయితే డయాలసిస్ మీద ఉన్న మనిషి బరువు మోయలేడు, ఎండలో కూలికి పోలేడు, హైదరాబాద్ వలస వెళ్లలేడు. వారానికి రెండు మూడు సార్లు ఆస్పత్రికి రావాలి. అలాంటి ఇంటికి ఆస్పత్రి ఉన్న పట్టణంలోనే నీడపట్టున ఒక చిన్న షాపు ఉంటే దాని విలువ ఎంతో ఆలోచించండి. కిడ్నీ రోగులున్న నిరుపేద కుటుంబాలకు మున్సిపల్ షాపుల్లో ప్రాధాన్యం అడగడం దానం అడగడం కాదు.

ఈ తీరానికి 'అభివృద్ధి' అనే మాట కొత్త కాదు. థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దన్నందుకు 2010 జులై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న టెక్కలి దగ్గర కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. 2023 ఏప్రిల్‌లో మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. పెద్ద ప్రాజెక్టు వచ్చినప్పుడు ఊళ్లు ఊళ్లుగా నిలబడి ప్రశ్నించడం ఇక్కడి జనానికి తెలుసు. మున్సిపల్ కాంప్లెక్సు లాంటి చిన్న ప్రాజెక్టు మాత్రం చడీచప్పుడు లేకుండా జరిగిపోతుంది. తుపాకీ పేలదు, ఊరు ఖాళీ కాదు. ఒక ఉదయం కొందరు ఆడవాళ్లకు కూర్చునే చోటు ఉండదు, అంతే.

చట్టం ఇచ్చిన పట్టు

2014 వీధి వ్యాపారుల చట్టం ఇక్కడ మనకు గట్టి ఆధారం. సర్వే పూర్తి చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఏ వీధి వ్యాపారినీ ఖాళీ చేయించకూడదు. తరలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లై ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు చోటుండాలి. యాభై ఏళ్లకు మించి సాగుతున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్లను కదిలించకూడదని చట్టం రెండో షెడ్యూలు చెబుతోంది.

పట్టణ జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపాలన్నది చట్టం పెట్టిన కొలత. 2011 జనగణనలో పలాస-కాశీబుగ్గ జనాభా 57 వేల పైచిలుకు. ఆ పాత లెక్క తీసుకున్నా 1,400 మందికి పైగా చోటు చూపాలి. ఏ కొత్త కాంప్లెక్సు నమూనాలోనైనా ఈ అంకె కనిపించిందా అని అడగడం మన మొదటి పని.

మూడు అభ్యంతరాలకు జవాబు

మున్సిపాలిటీకి ఆదాయం కావాలి కదా అంటారు. కావాలి. ఆ ఆదాయంతోనే పారిశుధ్య కార్మికుల జీతాలు, బస్తీ కాలువలు నడవాలి. అలాంటప్పుడు ముందుగా సబ్‌లీజుల్లో పోతున్న సొమ్మును, పేరుకుపోయిన బకాయిలను వసూలు చేయాలి. పేదల వాటా తగ్గిస్తే తప్ప ఆదాయం రాదనడం, కారుతున్న కుండను పక్కన పెట్టి దాహంతో ఉన్నవాడి గ్లాసు లాక్కోవడం లాంటిది.

భవనం కూలితే ప్రాణాలు పోతాయి కదా అంటారు. నిజమే. ప్రమాదకరమైన భవనం కింద మొదట ఉండేది మెట్ల మీద కూర్చున్న మనవాళ్లే. అందుకే భద్రత మన డిమాండే. కానీ ఖాళీ చేయించే రోజే తాత్కాలిక చోటు, తిరిగి వచ్చే హామీ రాతపూర్వకంగా చేతిలో పెట్టాలి.

డబ్బు లేనివాడు షాపు ఎలా నడుపుతాడు అంటారు. అందుకే ఎస్సీ సబ్‌ప్లాన్ ఉంది. 2013లో చట్టంగా వచ్చింది, పదేళ్ల గడువు తీరేటప్పుడు 2023లో మరో పదేళ్లు పొడిగించారు. మాల, మాదిగ, రెల్లి కార్పొరేషన్లను 2019లో విడివిడిగా పెట్టారు. సబ్‌ప్లాన్ సొమ్మును అందరికీ పనికొచ్చే రోడ్ల లెక్కల్లో చూపించే బదులు, దళిత కుటుంబాల షాపు డిపాజిట్‌కూ మొదటి సరుకుకూ పెట్టమనండి. చట్టం ఉద్దేశం అదే.

ఇప్పుడు అడగాల్సినవి

మా దృష్టిలో కనీస డిమాండ్లు ఇవి.

ఒకటి, పాత భవనం కూల్చకముందే లీజు రిజిస్టర్ మొత్తం బయటపెట్టాలి. ఏ గది ఎవరి పేరున, ఎప్పటి నుంచి, ఎంత అద్దె, ఎంత బకాయి, ఏ కేటగిరీ. మున్సిపాలిటీ ఇచ్చే అనుమతులు, రాయితీలు పొందినవారి వివరాలను అడగకుండానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది.

రెండు, నాలుగు వరసలనూ లెక్కపెట్టాలి. కులం, లింగం, ఎన్నేళ్లుగా ఉన్నారు అన్న వివరాలతో సర్వే జరగాలి. ఆ పేర్లు మార్కెట్‌లోనే గోడకు అంటించాలి.

మూడు, ఎస్సీ, ఎస్టీలకు కేటాయించిన షాపులకు వేలం వద్దు. నిర్ణీత అద్దెకు, అర్హుల మధ్య లాటరీ తీయాలి. దరఖాస్తులు రాకపోతే మళ్లీ నోటిఫికేషన్ ఇవ్వాలి గానీ జనరల్‌కు మార్చకూడదు. సగానికి తగ్గకుండా ఆ గదులు కింది అంతస్తులో ఉండాలి.

నాలుగు, బినామీ తేలితే లీజు రద్దు కావాలి. ఆ గది మళ్లీ ఎస్సీ కుటుంబానికే వెళ్లాలి. పేరు వాడుకున్న పెత్తందారును వదిలేసి పేరిచ్చిన పేదవాణ్ని మాత్రమే శిక్షించకూడదు.

అయిదు, పీపీపీ అయితే ఈ షరతులన్నీ టెండర్‌లోనే ఉండాలి.

ఆరు, హమాలీలకు విశ్రాంతి గది, పారిశుధ్య కార్మికులకు బట్టలు మార్చుకునే గది, ఆడవాళ్లకు మరుగుదొడ్లు, తాగునీళ్లు నమూనాలోనే చూపాలి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. ఈ పని పెద్ద సభలతో మొదలవ్వాల్సిన అవసరం లేదు. మీ పట్టణంలో మున్సిపల్ షాపుల లీజు రిజిస్టర్ నకలు కోరుతూ ఒక సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెల్లకార్డు ఉన్నవాళ్లు పెడితే రుసుము కూడా లేదు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జాబితా పట్టుకుని ఒక ఆదివారం మార్కెట్‌కు వెళ్లి ప్రతి గది ముందూ నిలబడి చూడండి. కాగితం మీద ఉన్న పేరు, గల్లా పెట్టె ముందున్న మనిషి, మెట్ల మీద కూర్చున్న అమ్మ ఎవరెవరో రాసుకోండి. తర్వాత ఆ మెట్ల మీద అమ్మ పక్కన కూర్చుని, కొత్త భవనం వస్తే నీకేం కావాలని అడగండి. కౌన్సిల్‌కు ఇచ్చే వినతిపత్రంలో మొదటి వాక్యం ఆమె చెప్పినదే కావాలి.